నెల్లూరు రోమను నాణేలు: ఒక లేఖ చెప్పినది, చెప్పనిది

నెల్లూరు సమీపాన ఒక రైతు రాళ్ళగుట్ట వాలున పొలం దున్నుతున్నాడు. నాగలి ఇటుకకట్టుకు తగిలి నిలిచిపోయినది. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలాలు, వాటి అడుగున ఒక చిన్న కుండ కనబడినవి. కుండలో బంగారు నాణేలు ఉన్నవి. రైతు వాటిని పాతబంగారం క్రింద అమ్మివేసినాడు. కొన్నవారు చాలవాటిని కరగించి ఉందురు. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి సంపాదించగలిగినాడు. వాటిలోనుండి రెండింటిని ఏరుకొనే అవకాశం ఆనాటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్‌కు లభించినది. ఆయన ఒక హేడ్రియన్ నాణేన్ని, ఒక ఫాస్టీనా నాణేన్ని ఏరుకొన్నాడు.

ఈ వృత్తాంతానికి ఆధారం డేవిడ్సన్ 1787 జూలై 12వ తేదీన మద్రాసునుండి వ్రాసిన లేఖ. సర్ విలియం జోన్స్ 1784లో కలకత్తాలో స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ దీనిని తన పరిశోధన సంపుటాలలో రెండవదానిలో, 1790లో, అచ్చువేసినది. లేఖ చాల చిన్నది. కొద్ది వాక్యాలలో ముగుస్తుంది. అయినను ఆంధ్రదేశంలో దొరికిన రోమను నాణేలను గురించి అచ్చయిన తొలి వార్తలలో ఇది ఒకటి. ఇండియాలో దొరికిన రోమను నాణేల పట్టికను రాబర్ట్ సూవెల్ 1904లో ప్రకటించిన నాటినుండి నెల్లూరు పేరు అట్టి పట్టికలలో స్థిరపడిపోయినది. లేఖ లేకున్నచో ఆ పేరూ లేదు.

అట్టి లేఖను న్యాయస్థానంలో సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించవలసి ఉన్నది. నాణేలు ఎప్పుడు దొరికినవి? ఎక్కడ దొరికినవి? ఏవి, ఎన్ని, ఏ స్థితిలో ఉన్నవి? రోమను నాణేల సేకరణను సరదాగా మొదలుపెట్టే విద్యార్థికి ఇది మంచి అభ్యాసం. ఏలయనగా డేవిడ్సన్ కూడ ఒక సరదా సేకర్తయే. ఆయన లేఖలోని బలం, లోపం రెండును ఆ సరదానుండి పుట్టినవే.

మొదట కాలం సంగతి. లేఖ తేదీనే నాణేలు దొరికిన తేదీగా భావించుట సులభమైన పొరపాటు. కాని ఇది తాను గవర్నరుగా ఉన్నప్పుడు జరిగినదని డేవిడ్సన్ చెప్పినాడు. మెకార్ట్నీ ప్రభువు 1785 జూన్‌లో గవర్నరు పదవి విడిచిన పిమ్మట డేవిడ్సన్ తాత్కాలికంగా ఆ పదవిలో ఉన్నాడు. 1786 ఏప్రిల్‌లో సర్ ఆర్చిబాల్డ్ క్యాంబెల్ బాధ్యత స్వీకరించినాడు. కనుక నాణేలు దొరికినది ఈ పది మాసాలలోనే. తాను పదవిలో ఉన్న రోజులను మనిషి అంత తేలికగా మరచిపోడు గనుక ఈ సాక్ష్యాన్ని నమ్మవచ్చును. అప్పటికి నెల్లూరు ప్రాంతం ఇంకను నవాబు సీమయే. కంపెనీ వశమైనది 1801లో. అమ్ముడుపోయిన బంగారాన్ని తిరిగి రప్పించిన పని గవర్నరు చేతిమీదుగా కాక నవాబు కుమారుని చేతిమీదుగా జరుగుటకు కారణం ఇందువల్ల బోధపడుతుంది.

స్థలం విషయంలో సాక్షి తడబడినాడు. నెల్లూరు సమీపం అని, అది మద్రాసుకు సుమారు నూరు మైళ్ళ దూరాన వాయవ్యదిక్కున ఉన్నదని లేఖలో ఉన్నది. విద్యార్థులు పటం తీసుకొని దీనిని పరీక్షించవచ్చును. నెల్లూరు మద్రాసుకు దాదాపు ఉత్తరాన, కొద్దిగా మాత్రమే పడమరకు వాలి ఉన్నది. దూరం సరిపోతుంది, దిక్కు సరిపోదు. లేఖలోని దిక్కునే నమ్మి మద్రాసునుండి సరిగా వాయవ్యానికి నూరు మైళ్ళు గీత గీసినచో అది వెలికొండలను దాటి రాజంపేట ప్రాంతానికి చేరుతుంది! ఊరిపేరును నమ్ముట మేలా, దిక్కును నమ్ముట మేలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఊరిపేరునే నమ్మవలెను. ఊరిపేరు వార్తతోపాటు వచ్చినది. దిక్కు డేవిడ్సన్ అటు తరువాత దూరప్రాంత పాఠకులకోసం చేర్చిన వివరణగా కనబడుతున్నది. అయినను గుట్ట ఏదో తేలలేదు. నెల్లూరు పట్టణం చుట్టు, సముద్రంవైపు, పెన్న తెచ్చిన ఒండ్రుమట్టిలో వరిపొలాలే. రాళ్ళగుట్టలు కావలెనన్న పడమటికి, జొన్నవాడ దగ్గరి నరసింహకొండవంటి తావులకు, పోవలెను. గుట్టపేరు ఆ రైతుకు తెలుసు, ఊరిలో ప్రతి పిల్లవానికి తెలుసు. ఒక్కమాట అడిగి వ్రాసి ఉంటే చాలును.

ఇక ఏ నాణేలు? ఇవి రెండవ శతాబ్దానివని లేఖలో ఉన్నది. హేడ్రియన్, ఫాస్టీనా నాణేలతోపాటు మంచి స్థితిలో ఉన్న ట్రేజన్ నాణేల ప్రస్తావన కూడ ఉన్నది. ట్రేజన్ క్రీ.శ. 98 నుండి 117 వరకు, హేడ్రియన్ 117 నుండి 138 వరకు పాలించినారు. చిక్కంతయు ఫాస్టీనాతో వచ్చినది. ఆ పేరుగల రోమను రాణులు ఇద్దరు ఉన్నారు. తల్లి ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య. కూతురు మార్కస్ ఆరీలియస్ భార్య. ఇద్దరి పేరిటను బంగారు నాణేలు వెలువడినవి. తల్లి చనిపోయిన తరువాత ఆమెను దేవతగా ప్రకటించి, "దివా" అన్న పదం ముందు చేర్చి, ఆమె పేర లెక్కలేనన్ని నాణేలు ముద్రించినారు. కూతురి నాణేలు 147 ప్రాంతాన మొదలైనవి. డేవిడ్సన్ చేతిలో ఉన్న నాణేం తల్లిదా, కూతురిదా? నాణెంమీది అక్షరాలను ఆయన ఎత్తి వ్రాసి ఉంటే ఇప్పుడు ఈ ప్రశ్నయే ఉండదు.

ఇంత చిన్న తేడాకు ఇంత తరచుట ఎందుకని విద్యార్థి అడగవచ్చును. ఒక కుండను ఎప్పుడు పాతిపెట్టినారో తెలుసుకొనుటకు దానిలోని పాత నాణేలు ఉపకరించవు. తాతగారి నాణేలు మనుమని పెట్టెలో ఉండవచ్చును గాని మనుమని నాణేలు తాతగారి పెట్టెలో ఉండవు. అందుచేత అన్నిటికంటె కడపటి నాణెమే కాలనిర్ణయానికి ఆధారం. కుండను అంతకు ముందు పాతిపెట్టి ఉండరు. తరువాత ఎప్పుడైనను పాతిపెట్టి ఉండవచ్చును. వినుకొండలో దొరికిన రోమను బంగారు నాణేలు 15 మాత్రమే. కాని ఏ నాణెం ఎవరిదో విడివిడిగా వ్రాసి ఉంచినందువల్ల అవి తిబేరియస్ మొదలు కరకల్లా వరకు దాదాపు రెండు శతాబ్దాలకు విస్తరించినవని తెలుస్తున్నది. అనగా ఆ కుండ మూతపడినది మూడవ శతాబ్దం సమీపించిన తరువాతనే. నెల్లూరు నాణేలు ముప్పైకి పైగా చేతికి వచ్చినవి; పదిహేనింటికి తెలిసినంత కూడ వాటికి తెలియదు. మిగిలినవాటిలో హేడ్రియన్ తరువాతి చక్రవర్తులు ఎందరు ఉన్నారో లేఖలో లేదు. గవర్నరు తన రెండింటిని ఏరుకొన్నాడు, వాటి పేర్లు చెప్పినాడు. సేకర్త తన పెట్టెలోని నాణేన్ని వర్ణిస్తాడు. పరిశోధకునికి కావలసినది కుండ మొత్తం.

నాణేలన్నియు మిక్కిలి స్వచ్ఛమైన బంగారపువని, చాల నాణేలు నిన్ననే టంకశాలనుండి వచ్చినట్లు మెరుస్తున్నవని, అవి చెలామణిలో తిరిగి ఉండవని డేవిడ్సన్ అభిప్రాయం. మొదటి మాట నిజమే కావచ్చును. ఆ కాలపు రోమను బంగారు నాణెం, ఆరియస్, నూటికి 98 పాళ్ళకు పైగా బంగారమే. దీనారియస్ అనే వెండి నాణెంలో చక్రవర్తులు రాగి కలుపుతూ పోయినారు గాని బంగారం స్వచ్ఛతను చాలకాలం చెడగొట్టలేదు. తూకం మాత్రం తగ్గించినారు. ఒక పౌను బంగారానికి నలభై, నలభై రెండు చొప్పున వచ్చే నాణేలను నీరో క్రీ.శ. 64లో నలభై అయిదు చేసినాడు. అప్పటినుండి ఆరియస్ తూకం సుమారు 7.3 గ్రాములు. ఆంధ్రుల ఇండ్లలో కాసు అని పిలిచే ఎనిమిది గ్రాముల బంగారానికి అది కొంచెం తక్కువ.

అయితే స్వచ్ఛత ఎట్లు తేల్చినారో లేఖలో లేదు. గీటురాయిమీద చూచి ఉండవచ్చును. గీయకుండ, నాణేనికి హాని లేకుండ తేల్చే మార్గం ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. నాణేన్ని ముందు గాలిలో, తరువాత సన్నని దారంతో నీటిలో వ్రేలాడదీసి తూచవలెను. గాలిలోని తూకాన్ని, నీటిలో తగ్గిన తూకంతో భాగించగా విశిష్ట గురుత్వము వస్తుంది. బంగారానికి అది 19.3, వెండికి 10.5, సీసానికి 11.3. కనుక 7.3 గ్రాముల బంగారు నాణెం నీటిలో 0.38 గ్రాము మాత్రమే తగ్గుతుంది. సీసానికి బంగారపు పూత పూసి అదే తూకానికి తెచ్చిన నాణెం 0.65 గ్రాము తగ్గుతుంది. గ్రాములో నూరవ వంతు తెలిపే త్రాసు కావలెను. నాణెం రంధ్రాలలో, అక్షరాల సందులలో గాలిబుడగలు నిలువకుండ చూచుకొనవలెను. ఒక్క టంగ్‌స్టన్ లోహం మాత్రం ఈ పరీక్షను మోసగించగలదు, దాని గురుత్వము కూడ 19.3 గనుక. అది పద్దెనిమిదవ శతాబ్దపు మోసగాండ్లకు అందని లోహం. ఇప్పటివారికి అందుతుంది.

మెరుపును గురించి చెప్పినది మరింత విలువైన మాట. బంగారానికి తుప్పు పట్టదు కనుక వన్నె తగ్గకుండుట ఆశ్చర్యం కాదు. కాని చేతులు మారిన నాణేనికి అరుగుదల తప్పదు. చక్రవర్తి జుట్టు, చెవిమీది గీత, అక్షరాల అంచులు ముందుగా అరుగుతవి. అవి అరగలేదనగా నాణెం రోమను బజార్లలో ఎక్కువ తిరగకుండనే ఓడ ఎక్కినదని, ఇక్కడికి వచ్చిన తరువాత కూడ సంచిలోనే ఉన్నదని అర్థం. ట్రేజన్ నాణెం, ఫాస్టీనా నాణెం రెండును క్రొత్తవిగానే ఉన్నచో అవి ఒకే ఓడలో వచ్చి ఉండవు. ఒక కుటుంబమో, ఒక వర్తకుడో, ఒక దేవాలయమో రెండు తరాలపాటు కూడబెట్టినదై ఉండవలెను. ట్రేజన్ నాణెం అరిగి, ఫాస్టీనా నాణెం మెరుస్తున్నచో మొత్తం ఒకేసారి వచ్చి ఉండవచ్చును. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుటకు ఒక్క వాక్యం చాలును. డేవిడ్సన్ ట్రేజన్ నాణేలలో కొన్ని మంచి స్థితిలో ఉన్నవని మాత్రం చెప్పి ఊరకున్నాడు.

ఇచ్చట ఒక పొరపాటును తొలగించవలసి ఉన్నది. రోమను నాణేల ప్రసంగం రాగానే ప్లినీ మాట ఎత్తుట పరిపాటి. ఇండియా ఏటేటా రోమను సామ్రాజ్యంనుండి అయిదు కోట్ల సెస్టర్సులను లాగుకొంటున్నదని ఆయన క్రీ.శ. 77 ప్రాంతాన పూర్తిచేసిన ప్రకృతి చరిత్రలో వాపోయినాడు. ఒక ఆరియస్‌కు నూరు సెస్టర్సులు. ఆ మొత్తం అంతా బంగారు నాణేలలోనే చెల్లించినారనుకొన్నచో అయిదు లక్షల నాణేలు, 3,650 కిలోగ్రాముల బంగారం అవుతుంది. నెల్లూరులో చేతికి వచ్చిన ముప్పై నాణేలు సుమారు 219 గ్రాములు. పందొమ్మిది తులాలు కూడ నిండవు. పైగా ప్లినీ 79లో మరణించినాడు. ట్రేజన్ సింహాసనమెక్కినది 98లో. ప్లినీ ఎన్నడును చూడని నాణేలను ఆయన మాటకు సాక్ష్యంగా నిలబెట్టుట తగదు. ఆయన కాలానికి సరిపోయే సాక్ష్యం కావలెనన్న నల్లగొండ జిల్లా అక్కనపల్లెకు పోవలెను. అక్కడ దొరికిన వెండి దీనారియస్‌లు 1,531. అవి అగస్టస్, తిబేరియస్ చక్రవర్తులవి. పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశ్‌లోని రోమను నాణేలపై వ్రాసిన గ్రంథం 1965లో హైదరాబాదునుండి వెలువడినది. నెల్లూరు లేఖ ప్రక్కన అట్టి పట్టికను ఉంచి చూచినప్పుడే లేఖలోని వెలితి ఎంతటిదో తెలిసివస్తుంది.

డేవిడ్సన్‌కు మెప్పు ఇవ్వవలసిన చోటు ఒకటి ఉన్నది. కొన్ని నాణేలు బాగా చెడి, రంధ్రాలు పడి ఉన్నవని, వాటిని చేతికిగాని మెడలోగాని ఆభరణాలుగా ధరించి ఉందురని ఆయన వ్రాసినాడు. అందమైన నాణేలను మాత్రమే కోరే సేకర్త ఈ మాట వ్రాయడు. నేటికిని విపణిలో రంధ్రం పడిన నాణేనికి వెల తగ్గుతుంది. కొందరు వర్తకులు రంధ్రాన్ని పూడ్చి, కనబడకుండ మెరుగుపెట్టి అమ్ముతారు. చరిత్రకు ఆ రంధ్రమే ముఖ్యం. నాణెంమీది చక్రవర్తి ముఖం రోము సంగతి చెబుతుంది, రంధ్రం మాత్రం ఆంధ్రదేశపు సంగతి చెబుతుంది. తెలుగు స్త్రీలు కాసులపేరు ధరించుట నేటికిని ఉన్నది. దాని పూర్వరూపాలను వెదకువారికి రెండవ శతాబ్దపు కాసులు, వాటి రంధ్రాలతోసహా, నెల్లూరు పొలంలో దొరికినవి. దక్షిణదేశంలో దొరికిన కొన్ని ఆరియస్‌లకు చక్రవర్తి తలకు పైన ప్రక్కప్రక్కనే రెండు రంధ్రాలు ఉన్నవి. అనగా వ్రేలాడదీసినప్పుడు బొమ్మ నిటారుగా నిలువవలెనని ధరించినవారు కోరినారు. మెదక్ ప్రాంతంలోని కొండాపురంలో రోమను నాణేల మాదిరిగా మట్టితో చేసిన బిళ్ళలు కూడ దొరికినవి. బంగారం కొనలేనివారు మట్టిబిళ్ళలతో ఆ ముచ్చట తీర్చుకొన్నారు కాబోలు! నెల్లూరు నాణేలలో రంధ్రాలు ఎన్నింటికి, ఎక్కడ, ఒకటా రెండా? లేఖలో ఆ లెక్క లేదు. గవర్నరు ఏరుకొన్న రెండును రంధ్రాలు లేనివే అయి ఉంటవని ఊహించుటకు పెద్ద తెలివి అక్కరలేదు.

ఇట్టి లెక్క వ్రాసినచో ఏమి లాభమో తెలియుటకు పుదుక్కోట నాణేలు ఉదాహరణ. అక్కడ 1898లో 501 రోమను బంగారు నాణేలు దొరికినవి. బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జి. ఎఫ్. హిల్ వాటిని పరిశీలించి వివరాలు ప్రకటించినాడు. వాటిలో అత్యధికభాగం నాణేలమీద చక్రవర్తి ముఖాన్ని ఉలితో గాటుపెట్టి ఉన్నారు. చెలామణినుండి తొలగించుటకే గాటు పెట్టినారని కొందరు, పరరాజు ముద్రను రద్దుచేయుటకని మరికొందరు వాదించినారు. వాదం తెగకపోయినను వాదించుటకు వస్తువు ఉన్నది. అన్ని నాణేలూ ఒకచోట ఉన్నందువల్లనే గాట్లు లెక్కకు వచ్చినవి. ఒక్కొక్క నాణెం ఒక్కొక్క పెట్టెలో చేరి ఉంటే ప్రతి యజమానియు తన నాణేనికి మాత్రమే ప్రమాదవశాన గీత పడినదని అనుకొనేవాడు.

నాణేలు దేవాలయం అడుగున దొరికినవన్న మాటను జాగ్రత్తగా చదువవలెను. కుండ, ఇటుకకట్టు ఒకే కాలానివి అయి ఉండవచ్చును. పాత కుండ ఉన్న చోటనే, ఆ సంగతి తెలియక, తరువాతివారు గుడి కట్టి ఉండవచ్చును. గుడి నేల త్రవ్వి కుండను తరువాత దాచి ఉండవచ్చును. మట్టిపొరలు చూడకుండ ఈ మూడింటిలో ఏదో తేల్చలేరు. అది గుడియేనా అన్న ప్రశ్న కూడ ఉన్నది. రెండవ, మూడవ శతాబ్దాలలో ఆంధ్రదేశంలో ఇటుకలతో కట్టిన స్తూపాలు, విహారాలు చాల ఉండేవి. నాగలి దున్నిన తరువాత, బంగారంకోసం త్రవ్విన తరువాత మిగిలిన శిథిలాన్ని చూచి దేవాలయమన్నది ఎవరు? రైతా, నవాబు మనిషా, డేవిడ్సనా? డేవిడ్సన్ స్వయంగా అక్కడికి వెళ్ళినట్లు లేఖలో లేదు.

నాగార్జునకొండలో తిబేరియస్ నాణెం ఒకటి, పెద్ద ఫాస్టీనా నాణెం ఒకటి లభించినవి. రెండే నాణేలు! కాని అవి మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురిలో దొరికినవి. తిబేరియస్ మరణించినది క్రీ.శ. 37లో. కనుక ఈ నాణేలు తమను ముద్రించిన రాజులకంటె చాలకాలం తరువాతివరకు ఇక్కడ విలువ కోల్పోకుండ నిలిచి ఉండవచ్చునన్న ఆలోచనకు అవకాశం కలిగినది. అదే స్థలంలోని ఒక శాసనంలో 170 దీనారి మాషకాల దానం పేర్కొనబడినది. రోమను దీనారియస్ పేరే సంస్కృతంలో దీనారమైనది. నాణెం కరగిపోయినను మాట మిగిలినది. స్థలం తెలిసిన రెండు నాణేలు, శాసనంలోని ఒక్క మాట కలిసి, స్థలం తెలియని ముప్పై నాణేలకంటె ఎక్కువ చెప్పగలుగుతున్నవి.

రోమను నాణేలను సేకరించే సరదాలో కార్థేజి నాణేలకు కూడ చోటు ఉంటుంది. రోముతో నూరేండ్లకు పైగా వైరం నడిపిన ఆఫ్రికా నగరం అది. దాని నాణేలమీద ఒకవైపు గోధుమ వెన్నులు తలలో ధరించిన తనిత్ దేవత, రెండవవైపు గుఱ్ఱం, కొన్నింటిలో ఈతచెట్టువంటి తాళవృక్షం అందంగా ఉంటవి. మొదట ఇవి సిసిలీలో కూలిసైనికుల జీతాలకోసం వెలువడినవి. బంగారం, వెండి కలిసిన ఎలక్ట్రం అనే మిశ్రలోహంతోను నాణేలు వేసినారు. క్రీ.పూ. 264లో మొదలైన మొదటి ప్యూనిక్ యుద్ధంలో ఖర్చు పెరుగగా అందులో బంగారపు పాలు తగ్గించినారు. పైన చెప్పిన నీటి తూకం ఈ తగ్గుదలను పట్టివేయగలదు. ఆ సూత్రాన్ని కనిపెట్టిన ఆర్కిమెడీసు సిరక్యూస్ నగరవాసి. ఆ నగరం కార్థేజి పక్షాన ఉన్నందుననే రోమనులు దానిని ముట్టడించినారు, క్రీ.పూ. 212లో ఆయన వారి చేతిలోనే మరణించినాడు.

అయితే ఈ నాణేలను నెల్లూరు తీరంతో ముడిపెట్టేవారి మాట వినేటప్పుడు తేదీలు గుర్తుంచుకొనవలెను. కార్థేజి క్రీ.పూ. 146లో నాశనమైనది. ఈజిప్టు రోము వశమైనది క్రీ.పూ. 30లో, ఋతుపవనాల ఆసరాతో రోమను ఓడలు పెద్దయెత్తున ఇండియాకు రాసాగినది ఆ తరువాతనే. నడుమ నూరేండ్లకు పైగా ఎడం ఉన్నది. కనుక కార్థేజి నాణేన్ని చూపి ఇది కృష్ణపట్నం ఇసుకలో దొరికినదని ఎవరైన చెప్పినచో, ముందు ఆ మాటను, తరువాత నాణేన్ని పరీక్షించవలెను. విదేశంలో కొన్న నాణేనికి స్థానిక జన్మస్థలం అంటగట్టి వెల పెంచుట తేలిక. లేఖలో తప్పుదిక్కు ఉంటే పటం పెట్టి సరిదిద్దవచ్చును. వర్తకుడు కల్పించిన ఊరిపేరును సరిదిద్దే పటం లేదు.

సేకర్తలందరినీ దోషులుగా చూచుట న్యాయం కాదు. డేవిడ్సన్ ఆ రెండు నాణేలను కోరకపోతే ఈ లేఖ వ్రాసి ఉండడు. రైతునుండి కంసాలి మూసలోకి పోయిన నాణేలకు లేఖ కూడ లేదు. ఆ రైతును నిందించుటకు కూడ వీలులేదు. పొలంలో దొరికిన బంగారాన్ని బంగారంగా అమ్ముట తప్పని అతనికి చెప్పే చట్టం అప్పటికి లేదు. అట్టి చట్టం 1878లో వచ్చినది. భూమిలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరుకు తెలియజేయవలెనని అది శాసిస్తున్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణేలు పురావస్తువులే. వ్యాపారులు వాటిని దేశం దాటించరాదు. ఏ విద్యార్థియైన పాతనాణెం తెచ్చి చూపినప్పుడు ఉపాధ్యాయుడు దానిని చింతపండుతో తోమనీయకుండ ముందు ఆపవలెను. దొరికిన పొలం, లోతు, దానితోపాటు కనబడిన పెంకులు, ఇటుకలు కాగితంమీద ఎక్కించవలెను. రాజు పేరు తరువాత ఎవరైనను చదువగలరు.

ఇటుకల మాట వచ్చినది గనుక లేఖలోని మొదటి వాక్యానికే తిరిగి పోవలసి ఉన్నది. నాగలిని ఆపినది ఇటుకకట్టు. ఆ కాలపు ఆంధ్ర కట్టడాల ఇటుకలు నేటి ఇటుకలవంటివి కావు. నాగార్జునకొండలోనివి సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్నవి. అంతటి ఇటుకను చూచినవాడు దానిని ఇటీవలి గుడిదని భ్రమపడడు. నెల్లూరు గుట్టవాలున బంగారం అమ్ముడుపోయిన తరువాత కూడ ఇటుకలను ఎవరూ కొని ఉండరు. అవి చాలకాలం పొలంగట్టుమీదనే పడి ఉండవచ్చును. జానెడు బద్ద పెట్టి ఒక్కదాని కొలత తీసి పంపుటకు ఖర్చేమియు లేదు. లేఖలో ఆ కొలత లేదు.